రెయిన్‌బో వారియర్‌ని ముంచింది ఫ్రాన్స్ ప్రభుత్వమేనా? ఎవరికైనా శిక్ష పడిందా?

అడిగిన ప్రశ్న ఇది: "అణు పరీక్షలకు వ్యతిరేకంగా వెళ్తున్న గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఓడని 1985లో ఫ్రాన్స్ ప్రభుత్వమే బాంబులు పెట్టి ముంచిందని ఒక వీడియోలో చూశాను. నిజంగా జరిగిందా, వాట్సాప్ కథా? నిజమైతే ఎలా దొరికారు, శిక్ష పడిందా? ఆ ఓడ ఇప్పుడు ఎక్కడుంది?"

నిజమేనండీ, ఇందులో అనుమానం అక్కర్లేదు. 1985 సెప్టెంబర్ 22న ఫ్రాన్స్ ప్రధాని లోరాన్ ఫాబియస్ స్వయంగా విలేకరులను పిలిచి, ఆ ఓడని ముంచింది మా గూఢచారి సంస్థ డీజీఎస్ఈ మనుషులే, పై నుంచి వచ్చిన ఆదేశం మీదే ముంచారు అని ఒప్పుకున్నాడు. కాకపోతే ఓడ మునిగింది జూలై 10న, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవులో. ఒప్పుకోడానికి రెండు నెలల పన్నెండు రోజులు పట్టింది. బాంబుల కథ అందరూ చెప్తారు గానీ, ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం బేరం కుదిరిందో అది చెప్పేవాళ్లు తక్కువ, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నా సంగతి ఒక్క ముక్క. మాది విశాఖ. మెరైన్ ఇంజనీర్‌గా ఇరవై ఆరేళ్లు ఓడల ఇంజన్ రూముల్లో పని చేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు ఏడాదిలో సగం ఆక్లాండ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాను. ఈ కేసు మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను, ఎందుకంటే బాంబు పెట్టింది ఇంజన్ రూముకి. రాత్రిపూట హార్బర్‌లో కట్టేసిన ఓడలో, నీటి మట్టానికి కింద నిలబడి డ్యూటీ చేసినవాడికి ఈ కథ మామూలు గూఢచారి కథలా అనిపించదు.

ముందు ఫ్రాన్స్‌కి ఈ ఓడ మీద అంత కోపం ఎందుకో చూద్దాం. ఫ్రాన్స్ మొదట అల్జీరియా ఎడారిలో అణు పరీక్షలు చేసింది. అల్జీరియాకి స్వాతంత్ర్యం వచ్చాక పసిఫిక్‌లో తన చేతిలో ఉన్న పాలినేషియా దీవులకు దుకాణం మార్చింది. అక్కడ మురురోవా, ఫాంగటాఫా అనే రెండు పగడపు దిబ్బల మీద 1966 నుంచి 1996 దాకా మొత్తం 193 పేలుళ్లు జరిపారు. 1974 దాకా గాల్లోనే పేల్చేవారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, న్యూజిలాండ్ అయితే 1973లో ఏకంగా తన యుద్ధనౌకల్నే నిరసనగా మురురోవా పక్కకి పంపాక, ఫ్రాన్స్ భూగర్భ పరీక్షలకు మారింది. మారింది గానీ ఆపలేదు.

నిరసనకారుల్ని కొట్టడం కూడా 1985లో మొదలైంది కాదు. 1973లో వేగా అనే చిన్న తెరచాప పడవ మీద గ్రీన్‌పీస్ కార్యకర్త డేవిడ్ మెక్‌టాగర్ట్ మురురోవా దగ్గరకు వెళ్తే ఫ్రెంచ్ కమాండోలు పడవెక్కి చావబాదారు, కంటికి గట్టి దెబ్బ తగిలింది. అబ్బే మేం కొట్టలేదు, ఆయనే పడిపోయాడు అన్నారు. అయితే పడవలో ఉన్న ఒకామె ఆ కొట్టడాన్ని ఫోటోలు తీసి, వాళ్ల కంటపడకుండా కెమెరా దాచి బయటికి తెచ్చింది. ఆ ఫోటోలు పత్రికల్లో పడ్డాక ఇక ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, నిరసన పడవల్లో ఫోటోగ్రాఫర్ ఎందుకు ఉంటాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక ఓడ. రెయిన్‌బో వారియర్ పెద్ద ఓడేం కాదు, పొడవు 40 మీటర్లు. 1955లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ మత్స్య పరిశోధన కోసం కట్టిన పాత ట్రాలర్, గ్రీన్‌పీస్ వాళ్లు కొని రంగులేసి తెచ్చుకున్నారు. ఆక్లాండ్ రాకముందు 1985 మేలో అది చేసిన పని గురించి చాలామందికి తెలియదు. మార్షల్ దీవుల్లో రాంగెలాప్ అని ఒక దీవి ఉంది. 1954 మార్చి 1న అమెరికా బికినీ అనే దీవి దగ్గర పేల్చిన 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు బూడిద గాలికి కొట్టుకొచ్చి ఆ దీవి మీద పడింది, తెల్లగా రాలుతున్న ఆ పొడిలో పిల్లలు ఆడుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ ఊరివాళ్లని అమెరికా సరిగా పట్టించుకోలేదు. మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లండి మహాప్రభో అని వాళ్లు అడిగితే ఈ ఓడ వెళ్లి, మూడు వందల మందికి పైగా జనాన్ని, విప్పిన ఇళ్ల చెక్కలూ రేకులతో సహా, కొన్ని ట్రిప్పుల్లో మెజాటో అనే ఇంకో దీవికి చేర్చింది. అది ముగించుకుని ఆక్లాండ్ వచ్చింది. ఇక్కడి నుంచి మరికొన్ని పడవల్ని వెంటబెట్టుకుని మురురోవా వెళ్లాలని ప్లాన్.

జూలై 10 రాత్రి. మార్స్‌డెన్ వార్ఫ్‌లో కట్టి ఉంది. ఆ సాయంత్రం ఓడలోనే ఒకరి పుట్టినరోజు వేడుక, కేకు, జనం. చాలామంది వెళ్లిపోయారు, కొందరు పడుకున్నారు, కొందరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. రాత్రి 11:38కి ఇంజన్ రూము దగ్గర మొదటి పేలుడు. ఓ కారు దూరేంత కన్నం పడింది. ఇంజన్ రూము అంటే నీటి మట్టం కింద ఓడలో ఉండే అతి పెద్ద ఖాళీ గది అనుకోండి. జనరేటర్లు అక్కడే, నీళ్లు తోడే పంపులూ అక్కడే. అది నిండిందంటే ముందు కరెంటు పోతుంది, కరెంటుతో పాటు పంపులు పోతాయి, ఆ తర్వాత ఓడని కాపాడే సాధనం ఓడలో ఏదీ మిగలదు. ఎక్కడ కొట్టాలో తెలిసినవాడు కొట్టిన దెబ్బ అది. కొద్ది నిమిషాల్లోనే రెండో బాంబు, ఈసారి వెనక ప్రొపెల్లర్ దగ్గర, పైకి తీసినా మళ్లీ నడవకుండా.

రెండూ లింపెట్ మైన్లు. రాయికి నత్తలా ఓడ అడుగుకి అంటుకుని కూర్చునే టైమర్ బాంబులు. డైవర్లు నీళ్లలోంచి వచ్చి తగిలించి, అలాగే నీళ్లలోంచి పోయారు.

ఫెర్నాండో పెరీరా అనే ఫోటోగ్రాఫర్ చనిపోయాడు. పోర్చుగల్‌లో పుట్టిన డచ్ పౌరుడు, వయసు 35, ఇద్దరు పిల్లల తండ్రి. మొదటి పేలుడు తర్వాత కెమెరాల కోసం కిందికి వెళ్లాడంటారు, రెండోది పేలాక నీళ్లలో చిక్కుకుపోయాడు.

దీని మీద ఫ్రాన్స్ వైపు నుంచి ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది, మీరు చూసిన వీడియోలో కూడా ఉండొచ్చు: మనుషుల్ని చంపే ఉద్దేశం లేదు, మొదటి బాంబు శబ్దానికి అందరూ దిగిపోతారనుకున్నాం అని. నాకు ఇది వింటే ఒళ్లు మండుతుంది. ఓడలో పనిచేసినవాడెవడైనా చెప్తాడు, కింద ఢాం అని శబ్దం వస్తే మనిషి ఒడ్డుకి పరిగెత్తడు, కిందికే పరిగెత్తుతాడు. ఏమైందో చూడాలి, లోపల పడుకున్నవాణ్ని లేపాలి, వాల్వు మూయాలి. పాతికేళ్లు మాకు నేర్పిందే అది. పైగా కరెంటు పోయిన చీకట్లో, ఒరుగుతున్న ఓడలో, అది బాంబని ఎవడికి తెలుస్తుంది? ఏదో గుద్దుకుందేమో అనుకున్నానని కెప్టెన్ పీట్ విల్‌కాక్సే తర్వాత చెప్పాడు. నేవీ డైవర్లకి ఈ మాత్రం తెలియదా? ఒక్కడే పోయాడంటే అది అదృష్టం, వాళ్ల జాగ్రత్త అనకండి.

ఇప్పుడు ఎలా దొరికారు అన్నది. ఇంత పెద్ద దేశపు గూఢచారి వ్యవస్థ, చివరికి పట్టుబడింది పడవ దొంగల వల్ల!

అసలేం జరిగిందంటే, ఆక్లాండ్‌లో హార్బర్ ఒడ్డున ఒక బోటు క్లబ్బు ఉంది. ఆ రోజుల్లో అక్కడ దొంగతనాలు ఎక్కువై సభ్యులే వంతులవారీగా రాత్రి కాపలా కాస్తున్నారు. ఆ రాత్రి ఒక మనిషి రబ్బరు పడవలో ఒడ్డుకొచ్చి, సామాన్లు ఒక క్యాంపర్ వ్యానులోకి ఎక్కించడం చూశారు. జూలై అంటే ఇక్కడ నడి చలికాలం, ఆ చలిలో ఈ టైములో ఎవడు రా బాబూ అని అనుమానం వచ్చి బండి నంబరు రాసుకున్నారు. దొంగలనుకుని రాసుకున్న నంబరు అది. ఓడ మునిగిన కబురు రాగానే పోలీసులకి ఇచ్చారు. అది అద్దె బండి. జూలై 12 పొద్దున్నే, మిగిలిన అద్దె డబ్బు వాపసు తీసుకోడానికి దాన్ని తెచ్చిన జంటని, అద్దె ఆఫీసువాళ్లు కాస్త కూర్చోండి అని కూర్చోబెట్టి పోలీసులకి ఫోన్ చేశారు. ఆ చిల్లర వదిలేసి విమానం ఎక్కేసి ఉంటే ఏమయ్యేదో!

పేర్లు అలాన్ టురాంజ్, సోఫీ టురాంజ్. స్విట్జర్లాండ్ నుంచి హనీమూన్‌కి వచ్చామన్నారు. పాస్‌పోర్టులు దొంగవని స్విస్ అధికారులు తేల్చేశారు. ఇద్దరూ ఫ్రెంచ్ సైన్యం అధికారులే, మేజర్ అలాన్ మఫార్, కెప్టెన్ డొమినిక్ ప్రియర్. పోలీసులు చేసిన తెలివైన పనేమిటంటే మొదట్లోనే లోపల వెయ్యకుండా ఒక మోటల్‌లో ఉంచి ఫోన్ల మీద కన్నేశారు, వీళ్లు పారిస్‌కి చేసిన ఫోను ఎటు పోయిందో కూపీ లాగితే అది ఫ్రాన్స్ రక్షణ శాఖ వైపు తేలింది.

వీళ్లిద్దరూ సహాయకులు మాత్రమే. బాంబులు వచ్చింది ఉవేయా అనే అద్దె తెరచాప పడవలో. ఫ్రాన్స్ చేతిలో ఉన్న న్యూ కాలెడోనియా దీవి నుంచి బయల్దేరి జూన్ 22న న్యూజిలాండ్ ఉత్తర కొసన ఎవరూ పోని పారెంగారెంగా అనే రేవులో దిగారు, చలికాలంలో ఆ మూలకి షికారు పడవ రావడమే వింత. పేలుడు తర్వాత ఆ పడవ ఆస్ట్రేలియా చేతిలో ఉన్న నార్ఫోక్ దీవిలో దొరికింది కూడా. న్యూజిలాండ్ పోలీసులు విమానంలో వెళ్లి సోదా చేసి నమూనాలు తీశారు. కానీ ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా మనుషుల్ని ఆపి ఉంచడానికి అక్కడి చట్టం ఒప్పుకోలేదు, వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నమూనాల్లో పేలుడు పదార్థం ఆనవాళ్లు తేలాయి. అప్పటికి పడవా లేదు, మనుషులూ లేరు. ఫ్రెంచ్ సబ్‌మెరైన్ వచ్చి మనుషుల్ని ఎక్కించుకుందని, పడవని నడిసముద్రంలో ముంచేశారని అందరూ నమ్మే మాట.

వీటన్నిటికన్నా నాకు కడుపు మండేది ఇంకొకటి. దాడికి ముందే క్రిస్టీన్ కబాన్ అనే ఒక ఏజెంటు వేరే పేరుతో ఆక్లాండ్ గ్రీన్‌పీస్ ఆఫీసులో వాలంటీర్‌గా చేరింది. వాళ్ల ఇళ్లలో ఉంది, వాళ్లతో తిని, ఉత్తరాలకి కవర్లు అంటించి, పనిలో పనిగా ఓడ ఎప్పుడొస్తుంది, ఎవరెవరు వస్తున్నారు అన్నీ పారిస్‌కి చేరవేసింది. బాంబు పెట్టేవాడు మొహం చూపించడు, పోనీ. ఉప్పు తిన్న ఇంటికే ఇలా చెయ్యడానికి ఎంత గుండె కావాలి!

సరే, పారిస్‌లో ఏం జరిగింది? మొదట మాకేం సంబంధం లేదన్నారు. పత్రికలు వదలకపోయేసరికి ప్రభుత్వం బెర్నార్డ్ త్రికో అనే పెద్దమనిషితో విచారణ వేయించింది. ఆగస్టు చివర్లో ఆయన నివేదిక వచ్చింది: ఏజెంట్లు వెళ్లిన మాట నిజమే, కానీ గ్రీన్‌పీస్ మీద నిఘాకే వెళ్లారు, ముంచలేదు. అంటే తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ దొంగతనం చెయ్యలేదన్నట్టు. ఫ్రాన్స్‌లోనే జనం నవ్వారు. సెప్టెంబర్ 17న ల మోంద్ పత్రిక ఈ రెండు జట్లు (హనీమూన్ జంట, ఉవేయా పడవవాళ్లు) కాక మూడో జట్టు ఒకటుంది, బాంబులు పెట్టింది వాళ్లు అని రాసేసింది. మూడు రోజులకి రక్షణ మంత్రి చార్లెస్ ఎర్న్యూ రాజీనామా, గూఢచారి సంస్థ అధిపతి అడ్మిరల్ పియర్ లకోస్త్‌కి ఉద్వాసన, ఇంకో రెండు రోజులకి పైన చెప్పిన ప్రధాని ఒప్పుకోలు.

మరి అధ్యక్షుడు మిట్టరాండ్‌కి తెలుసా? తెలుసు. దాడి ప్లాన్‌కి తాను అధ్యక్షుడి అనుమతి తీసుకున్నానని లకోస్త్ 1986లో తన చేత్తో రాసి పెట్టిన నోట్‌ని అదే ల మోంద్ 2005లో బయటపెట్టింది. అప్పటికి మిట్టరాండ్ పోయి తొమ్మిదేళ్లు.

శిక్ష సంగతి. మఫార్, ప్రియర్‌ల మీద మొదట హత్య కేసు పెట్టారు. 1985 నవంబర్ 4న కోర్టులో వాళ్లు హత్య కాని నరహత్య నేరాన్ని ఒప్పుకున్నారు, ఆ విచారణ మొత్తం అరగంట పైచిలుకు. నేరం ఒప్పుకున్నాక ఇక సాక్షులెందుకు? ఎవరు పంపారు, ఎవరు డబ్బిచ్చారు, ఏదీ కోర్టులో విప్పి చూపలేదు. ఇద్దరికీ పదేళ్ల జైలు. న్యూజిలాండ్ జనం అప్పటికి బాగానే అయింది అనుకున్నారు.

అక్కడ వెన్న అడ్డొచ్చింది. తమాషాకి అనడం లేదు, నిజంగా వెన్నే. న్యూజిలాండ్ బతికేది పాడి మీద, గొర్రెల మీద. బ్రిటన్‌కి వెళ్లే వెన్నకి యూరప్ దేశాల కూటమి కోటా ఇవ్వాలి, ఆ కోటాకి ఫ్రాన్స్ అడ్డం పడగలదు. 1986 మొదట్లో న్యూజిలాండ్ నుంచి వచ్చే గొర్రెపిల్లల మెదళ్ల దిగుమతి ఫ్రాన్స్‌లో ఆగిపోయింది, మన హైదరాబాద్ భేజా ఫ్రై సరుకు అనుకోండి. ఇది శాంపిల్, అసలుది వెన్న అని చెప్పడం అన్నమాట. మా దేశంలో న్యాయం అమ్మకానికి లేదని గంభీరంగా చెప్పిన ప్రధాని డేవిడ్ లాంగీ చివరికి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి మధ్యవర్తిత్వానికి ఒప్పుకోక తప్పలేదు. అమెరికా, బ్రిటన్ మిత్రులే కదా, గట్టిగా ఒక్క మాటైనా అన్నాయా? లేదు. అణ్వాయుధాలున్న ఓడల్ని మా రేవుల్లోకి రానివ్వం అని లాంగీ అప్పటికే అమెరికాకి చెప్పి ఉన్నాడు, ఆ కోపం వాళ్లకి ఇంకా చల్లారలేదు.

1986 జూలై తీర్పు ఏమిటంటే ఫ్రాన్స్ క్షమాపణ చెప్పి న్యూజిలాండ్‌కి 70 లక్షల అమెరికన్ డాలర్లు ఇవ్వాలి, వెన్నకి అడ్డు రాకూడదు, ఖైదీలిద్దరూ పాలినేషియాలోనే హావో అనే ఫ్రెంచ్ సైనిక స్థావరంలో మూడేళ్లు ఉండాలి. గ్రీన్‌పీస్‌కి తర్వాత వేరే మధ్యవర్తిత్వంలో 81 లక్షల అమెరికన్ డాలర్లు వచ్చాయి. ఇక ఆ మూడేళ్లు? ఒంట్లో బాగాలేదని మఫార్‌ని 1987 డిసెంబర్‌లో, గర్భవతి అని ప్రియర్‌ని 1988 మేలో ఫ్రాన్స్‌కి తీసుకెళ్లిపోయారు, మళ్లీ పంపలేదు. అది ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని 1990లో మధ్యవర్తుల ట్రిబ్యునల్ తేల్చింది, తేల్చి ఏం లాభం, అప్పటికి గడువు కూడా అయిపోయింది. ఇద్దరికీ ప్రమోషన్లు వచ్చాయి. మఫార్ తర్వాత అడవి జంతువుల ఫోటోలు తీసే పనిలో పడ్డాడు. ఫోటోగ్రాఫర్ చనిపోయిన కేసులో ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను.

ఫ్రాన్స్‌ని ఒక్కదాన్నే తిట్టడం కూడా సరికాదు. 1991లో ఉవేయా పడవ జట్టులోని ఒకతను స్విట్జర్లాండ్‌లో పట్టుబడ్డాడు. అప్పగించమని న్యూజిలాండ్ ప్రభుత్వమే అడగలేదు. పాత గొడవ ఎందుకులే, వ్యాపారం బాగుంది కదా అని కాబోలు. బాంబు పెట్టిన డైవర్లలో జాన్-లుక్ కిస్టర్ అనే ఆయన 2015లో టీవీ ముందుకొచ్చి పెరీరా కుటుంబానికి క్షమాపణ చెప్పాడు. ముప్పై ఏళ్లకి. కోర్టు మెట్లెక్కింది మాత్రం ఆ ఇద్దరే, నీళ్లలోకి దిగినవాళ్లు కాదు, ఆదేశం ఇచ్చినవాళ్లు అంతకన్నా కాదు.

మరి ముంచి సాధించిందేమిటి అంటారా? ఆ ఏడాది నిరసన పడవలు మురురోవా వెళ్లనే వెళ్లాయి, పరీక్షలూ ఆగలేదు. 1987లో న్యూజిలాండ్ అణు రహిత దేశంగా చట్టమే చేసుకుంది. ఫ్రాన్స్ మధ్యలో కొన్నాళ్లు ఆపి 1995లో షిరాక్ అధ్యక్షుడయ్యాక మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు రెండో రెయిన్‌బో వారియర్ వెళ్తే కమాండోలు బాష్పవాయువు కొట్టి పడవెక్కారు. ప్రపంచమంతా దుమ్మెత్తిపోశాక 1996 జనవరి 27న ఆఖరి పేలుడు జరిపి ముగించారు.

మన దగ్గరి కొవ్వాడనీ, తుమ్మలపల్లెనీ దీనితో కలిపి మాట్లాడేవాళ్లని చూస్తుంటాను. దయచేసి కలపకండి. ఒకచోట కట్టాలనుకున్న అణు విద్యుత్ కేంద్రం, ఇంకోచోట యురేనియం గని, భూములూ నీళ్ల సమస్య. దాని మీద మాట్లాడాల్సింది చాలా ఉంది, కానీ దానికి ఈ కథ అతికిస్తే రెండూ పలచబడిపోతాయి.

చివరి ప్రశ్న, ఓడ ఎక్కడుంది. 1985 ఆగస్టులో పైకి తేల్చారు గానీ బాగుచేసే స్థితిలో లేదు. 1987 డిసెంబర్‌లో ఉత్తరాన మటౌరీ బే దగ్గర కవల్లీ దీవుల పక్కన సముద్రంలో దించేశారు, చేపలకి ఇల్లుగా. ఓడ మీది స్తంభాలు (మాస్టులు) డార్గవిల్ అనే ఊళ్లో మ్యూజియంలో ఉన్నాయి. మటౌరీ బేలో కొండ మీద రాళ్ల కమాను ఒకటి కట్టి, దాని మధ్యలో ఆ ఓడ ప్రొపెల్లర్‌ని పెట్టారు. ఆక్లాండ్ నుంచి కారులో మూడు గంటల పైన, కొండ ఎక్కడానికి మోకాళ్లు బాగుంటే పదిహేను ఇరవై నిమిషాలు. నేను వెళ్లినప్పుడు ఆ ప్రొపెల్లర్ రెక్క మీద చెయ్యి వేసి అంచు తడిమి చూశాను, అలవాటు కదా, గాట్లేమైనా ఉన్నాయా అని. డైవింగ్ చేసేవాళ్లయితే ఓడ దాకా కూడా దిగొచ్చు, లోతు పాతిక మీటర్ల పైచిలుకే, స్థానికులు పడవలో తీసుకెళ్తారు. మా అబ్బాయి దిగొచ్చాడు, ఒళ్లంతా రంగురంగుల సముద్ర జీవాలు పట్టేసి అది ఓడని గుర్తుపట్టడానికే కాసేపు పట్టిందన్నాడు. వెళ్లాలనుకుంటే జనవరి తర్వాత వెళ్లండి, నీళ్లు అప్పటికి కాస్త వెచ్చబడతాయి, వాంతుల మాత్ర మాత్రం మర్చిపోకండి.